ఐదువేల లోపు వాచీ కొంటున్నారా, మొదట వెనక మూత చదవండి

పోయినేడు ఆన్‌లైన్లో ఒక వాచీ కొన్నా. ఎమ్మార్పీ 8,999 అని కొట్టేసి పక్కన 1,499 అని వేశాడు, మూడు బుల్లి డయల్సు, నల్ల చైను, డబ్బా అయితే నగల పెట్టెలా ఉంది. మూడు నెలలు తిరక్కముందే చెమటకి చైను లోపలివైపు నలుపంతా లేచిపోయి పసుపు తేలింది, మణికట్టు మీద ఆకుపచ్చ మరక. బెజవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో నాకు తెలిసిన వాచ్ మెకానిక్ ఒకాయన ఉన్నాడు, ఆయన కంటికి గాజు తగిలించుకుని చాకుతో మూత టక్కుమని లేపి, "అబ్బాయ్, ఈ మూడు బుడ్డ డయల్స్‌లో ముళ్ళు అతికించినవి, అవి జన్మలో తిరగవు, కేసు చూస్తే ఇత్తడి మీద రంగు, మెషిన్ మాత్రం పర్లేదు" అన్నాడు. నేను మూడు నెలలు రోజూ చేతికి పెట్టుకున్నా ఆ బుల్లి ముళ్ళు కదలట్లేదని ఒక్కసారి కూడా చూడలేదు, అదీ మన తెలివి.

అప్పట్నుంచీ ఎవరు ఏ కొత్త బ్రాండ్ చూపించి ఎలా ఉందిరా అన్నా మొదట వెనక మూత ఫొటో పంపమంటా. అక్కడ "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఉంటే సంబరపడిపోకండి, దానర్థం మూత ఒక్కటే స్టీలు, మిగతా కేసు, అంటే మెషిన్ చుట్టూ ఉండే వాచీ ఒళ్ళు, ఇత్తడో ఏదో కలగూరగంప లోహమో. కొంతమంది నిజాయితీగా "బేస్ మెటల్ బెజెల్" అని, అంటే గాజు చుట్టూ ఉండే రింగు చవక లోహమని, కూడా రాస్తారు, మనమే చదవం. "ఆల్ స్టెయిన్‌లెస్ స్టీల్" అనో, 316 ఎల్ స్టీలు (తుప్పుని బాగా తట్టుకునే రకం) అనో ఉంటే అప్పుడు కేసు కూడా స్టీలే అని చెప్తున్నట్టు. మన ఎండలకీ చెమటకీ ఇది చాలా ముఖ్యం, ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్ళకి పూత నాలుగేళ్ళు ఆగొచ్చేమో గానీ బండి మీద తిరిగేవాళ్ళకి ఆగదు. మూత మీద మోడల్ నంబరు కూడా లేకుండా ఉత్త బ్రాండ్ పేరే ఉందనుకోండి, అక్కడితో వదిలెయ్యండి.

తర్వాత మెషిన్. సెల్లు వాచీ అంటే లోపల చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కొట్టుకుంటుంది, దాన్నిబట్టే ముల్లు కదుల్తుంది, అందుకే చవక సెల్లు వాచీ కూడా లక్షల రూపాయల కీ వాచీ కంటే కరెక్టుగా టైం చూపిస్తుంది. డయల్ కింద బుల్లి అక్షరాల్లో "జపాన్ మూవ్‌మెంట్" అని ఉంటే మెషిన్ ఒక్కటే జపాన్ కంపెనీదని, వాచీ మొత్తం జపాన్‌లో చేశారని కాదు. ఎక్కువగా కనిపించేది సిటిజన్ వాళ్ళ మియోటా, అందులో 2035 అనే మెషిన్ ఊరూరా ఉంటుంది, నెలకి 20 సెకన్లు అటూ ఇటూ, సెల్లు మూడేళ్ళ దాకా వస్తుంది. ఇది మంచి మెషినే, కానీ చాలా చవక మెషిన్. ఎనిమిదొందల వాచీలోనూ ఎనిమిదివేల వాచీలోనూ ఇదే ఉండొచ్చు, కాబట్టి ఎక్కువ డబ్బులు అడిగేవాడు ఆ ఎక్కువ ఎక్కడ పెట్టాడో చూపించాలి, కేసులోనా, గాజులోనా, సర్వీసులోనా? ఎక్కడా కనపడకపోతే మీరు కట్టేది రీల్స్‌లో ఆ వాచీ పెట్టుకుని నవ్వే అబ్బాయి ఖర్చు.

మెషిన్ పేరు పేజీలో ఎక్కడా రాయకపోతే కంపెనీకి మెసేజ్ పెట్టి అడగండి. నంబరుతో సహా చెప్పినవాడు వేరు, "ప్రీమియం క్వాలిటీ మూవ్‌మెంట్ సార్" అన్నవాడు వేరు. ఆటోమేటిక్, అంటే సెల్లు లేకుండా చేతి కదలికకే కీ ఎక్కే వాచీల మోజు ఉన్నవాళ్ళకి ఒక మాట, సీకో వాళ్ళ ఎన్‌హెచ్ 35 లాంటి పేరున్న మెషిన్ అయితే పర్లేదు, నిండా కీ ఎక్కాక తీసి పక్కన పెట్టినా 41 గంటలు నడుస్తుంది, కానీ రోజుకి 20 సెకన్లు వెనక్కి నుంచి 40 సెకన్లు ముందుకి దాకా కంపెనీ లెక్కలోనే తేడా ఉంటుంది, అది చూసి పాడైందని గొడవపడొద్దు. రెండువేలకి డయల్ మధ్యలో చిల్లు పెట్టి చక్రాలు కనపడేలా అమ్మే ఊరూపేరూ లేని ఆటోమేటిక్ మాత్రం నేనైతే కొనను.

ఇక బ్రాండ్ అసలు బ్రాండేనా అన్నది. వాచీ ఫొటోని గూగుల్ లెన్స్‌లో పెట్టండి, అదే కేసు అదే డయల్ నాలుగు రకాల పేర్లతో కనపడితే చైనాలో రెడీగా ఉన్న మోడల్ మీద లోగో వేయించుకున్నాడని తెలిసిపోతుంది. అది నేరమేం కాదు, ధర ఆ లెక్కలో ఉంటే తీసుకోండి, కానీ "మా డిజైన్" అని కథలు చెప్తే మాత్రం నమ్మకండి. ఎమ్మార్పీని అయితే పట్టించుకోనే వద్దు, అది వాడు వేసుకున్న అంకె. డబ్బా మీద స్టిక్కర్ చదవండి, బయటి దేశం నుంచి వచ్చిన సరుకైతే దిగుమతి చేసినవాడి పేరు, అడ్రసు, ఏ దేశంలో చేసింది, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలని రూలు. ఆ అడ్రసు లేనివాడు వారంటీ కార్డు ఇచ్చినా దాన్ని ఎక్కడికి పంపుతారు?

నేను చేసే పని ఏంటంటే కొత్త బ్రాండ్ ధర ఎంతో చూసి అదే ధరలో సొనాటా, టైటాన్, కాసియో, టైమెక్స్‌లో ఏమొస్తుందో పక్కన పెట్టుకుంటా. టైటాన్ 1984లో టాటా వాళ్ళూ తమిళనాడు ప్రభుత్వ సంస్థా కలిసి పెట్టిన కంపెనీ, సొనాటా, ఫాస్ట్‌ట్రాక్ రెండూ వాళ్ళవే, రిపేరుకి ఊళ్ళోనో పక్క టౌన్లోనో మనిషి దొరుకుతాడు. కాసియో ఎఫ్ 91 డబ్ల్యూ 1989 నుంచీ వస్తోంది, సెల్లు ఏడేళ్ళు, చూడ్డానికి స్కూలు పిల్లోడి వాచీలా ఉన్నా ఆ ధరకి దాన్ని కొట్టేది నాకింకా కనపడలేదు. దాంట్లో డూప్లికేట్లు బాగా ఉన్నాయి, కుడివైపు బటన్ మూడు నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే కాసియో అని అక్షరాలు రావాలి, వచ్చినా బిల్లు అడగండి, ఈమధ్య దొంగ సరుకువాళ్ళు కూడా అది నేర్చుకున్నారు.

పాత హెచ్ఎంటీ మోజుంటే జాగ్రత్త. ఆ వాచీల కంపెనీ మూసెయ్యాలని 2016లోనే కేంద్రం నిర్ణయించింది, ఇప్పుడు ఆన్‌లైన్లో ఆరెంజీ, చిలకపచ్చ డయల్స్‌తో కొత్తగా మెరిసేవి చాలావరకూ పాతవాటికి డయల్ మళ్ళీ రంగేసి, నాలుగు వాచీల పార్టులు కలిపి కట్టినవి. సరదాకి కొనుక్కోండి, ఒరిజినల్ అనుకుని మాత్రం కాదు.

గాజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఈ ధరలో ఎక్కువగా మినరల్ గ్లాసే వస్తుంది, గీతలు పడతాయి. నీళ్ళ సంగతి చెప్పాలి, 30 మీటర్లు అని ఉంటే చేతులు కడుక్కోడం, వాన చినుకులు, అంతే, ఈతకి 100 అయినా ఉండాలి. సెల్లు మార్పించినప్పుడు మూతలో ఉండే రబ్బరు రింగు మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టమని దగ్గరుండి చెప్పండి, అది పక్కకి జరిగితే ఎన్ని మీటర్లు రాసున్నా లోపల ఆవిరి పడుతుంది. బెల్టు వెడల్పు 18, 20, 22 మిల్లీమీటర్లలో ఉందో లేదో కూడా చూసుకోండి, వింత ఆకారం బెల్టు అయితే తెగాక బయట దొరకదు.

వాచీ ఇంటికొచ్చాక సెకన్ల ముల్లు 12 మీదకి రాగానే కీ లాగి, ఫోన్ టైంతో కలిపి నొక్కండి. వారం తర్వాత చూడండి, సెల్లు వాచీ వారానికి ఐదారు సెకన్లు మించి తేడా వస్తే వెనక్కి పంపెయ్యండి. చైను లింకులు తీయించాక చాలామంది వాపసు తీసుకోరు, అందుకని వారం అయ్యేదాకా మెకానిక్ దగ్గరికి పరిగెత్తకండి, వదులుగా గాజులా జారుతున్నా సరే స్టిక్కర్లు పీకకుండా ఇంట్లోనే పెట్టుకు తిరగండి.