పాత మంచానికి, బీరువాకు కొత్త రంగు ఎలా వేసుకోవాలి?

మీ మంచం తలవైపు పలక మీద, సరిగ్గా తల ఆనే చోట, ఒకసారి వేలితో రుద్ది చూడండి. మిగతా చెక్క కంటే అక్కడ నున్నగా, కొంచెం జిడ్డుగా తగులుతుంది. ఏళ్ల తరబడి చెక్క తాగిన కొబ్బరి నూనె అది. పడగ్గది సామానుకు రంగు వేయడంలో సగం పని ఆ నూనెతోనే.

ఈ సంగతి తెలియకే నేను మొదటిసారి బోల్తా పడ్డాను. మా మంచం 1998లో నా పెళ్లి సారెతో పాటు చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చింది. కాళ్లు, పట్టెలు టేకు, తలవైపు మాత్రం ప్లైవుడ్ పలక. పాలిష్ పోయి నల్లబడిందని తెల్ల ఎనామిల్ పెయింటు డబ్బా తెచ్చి, పైపైన తడిగుడ్డతో తుడిచి, ఒక ఆదివారం పూట కొట్టేశాను. సాయంత్రానికి మంచం పెళ్లికూతురిలా ఉంది. పది రోజులకు తలవైపు రెండు గుండ్రటి మరకలు పసుపుపచ్చగా తేలాయి. ఒకటి మా ఆయన తల, ఒకటి నాది. గోరు పెడితే అక్కడ రంగు పాల మీగడలా లేచొచ్చింది. అంతా గీకి మళ్లీ వేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఆ రెండోసారి నేర్చుకున్నది, తర్వాత బీరువా మీద, డ్రెస్సింగ్ టేబుల్ మీద చేసి చూసింది ఇక్కడ రాస్తున్నాను.

దేనికి వేయాలి, దేన్ని వదిలేయాలి

అన్నిటికీ రంగు అక్కర్లేదు. ఒట్టి టేకు మంచం గట్టిగా ఉండి, పాలిష్ మాత్రమే మాసిపోతే మళ్లీ పాలిషే పెట్టించండి. మంచి టేకు మీద రంగు కొట్టడానికి నాకైతే చెయ్యి రాదు. మాది సగం టేకు, సగం ప్లైవుడ్, రెండూ చెరో రంగుకు తిరిగాయి కాబట్టి ధైర్యం చేశాను.

మంచం కింద ఊడ్చినప్పుడల్లా సన్నటి పిండిలాంటి పొడి కనిపిస్తోందా? అది పుచ్చు. ముందు చెక్క పురుగుల మందు తెచ్చి ఆ సన్న రంధ్రాల్లోకి ఎక్కించి, పొడి రాలడం ఆగిందని తేలాకే రంగు సంగతి చూడాలి. లేదంటే పైన పెయింటు తళతళలాడుతుంటే లోపల పురుగు తన పని తాను చేసుకుపోతుంది.

ఇక రంపపు పొట్టును అదిమి చేసిన పార్టికల్ బోర్డు సామాను. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు చాలా ఇళ్లలో అలాంటి అల్మారాల కింది అంచులు ఉబ్బిపోయాయి. ఆ పలక ఒకసారి నీళ్లు తాగితే ఎండాక కూడా అణగదు. ఎంత లప్పం పెట్టినా ఊడిపోతుంది. దాని మీద డబ్బులు పోయకండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

తిరుపతిలో ఈ పనికి రెండు అడ్డంకులు, వాన ఒకటి, చుట్టాలు ఒకటి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలిలో తేమకు ఎనామిల్ త్వరగా ఆరదు, మర్నాడు కూడా చేతికి అంటుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇబ్బంది ఇంకో రకం. మిద్దె మీద ఎండలో పెట్టి కొడితే బ్రష్షు అవతలి చివరకు చేరేలోపే ఇవతల పై పొర బిగుసుకుంటుంది. బ్రష్షు గీతలు అలాగే ఉండిపోతాయి, బుడగలు లేస్తాయి. జనవరి చివర నుంచి మార్చి మధ్య దాకా నాకు కలిసొచ్చిన కాలం. అప్పుడైనా నీడలోనే, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు లోపు కొట్టాలి. సాయంత్రం ట్యూబ్‌లైటు కింద కొట్టొద్దు. వాన పడిన రోజైతే ఉసిళ్లు వచ్చి తడి పెయింటులో పడతాయి. రెక్కలు ఏరడం మొదలుపెడితే రంగు మొత్తం చెడుతుంది.

చుట్టాల సంగతి నేను చెప్పాలా! కొండకు వచ్చే ప్రతి ఒక్కరికీ తిరుపతిలో ఇల్లున్న బంధువు గుర్తొస్తాడు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఎండాకాలం సెలవులు తప్పించి, ఆ గది పది పదిహేను రోజులు ఖాళీగా ఉండేటట్టు చూసుకోండి.

షాపులో ఏం అడగాలి

మూడు రకాల ఎమ్రీ పేపరు కావాలి, 120, 220, 320 నంబర్లవి. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. మా అత్తమ్మ దీన్నే ఉప్పు కాగితం అంటుంది. రంగుకు ముందు అడుగు పూతగా వేసే వుడ్ ప్రైమరు, ఇనప బీరువా అయితే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు. లప్పం, రెండంగుళాల బ్రష్షు, అంగుళం బ్రష్షు, చిన్న స్పాంజి రోలరు, మాస్కింగ్ టేపు, ముక్కుకు మాస్కు. బ్రష్షు దగ్గర పిసినారితనం వద్దు. చవక బ్రష్షు వెంట్రుకలు రాలుస్తుంది, అవి రంగులో ఇరుక్కుని ఎండిపోతాయి.

పెయింటులో నూనె ఎనామిల్, నీళ్లతో కలిపే ఎనామిల్ అని రెండు రకాలు. నూనెది గట్టిగా ఉంటుంది, వాసన ఎక్కువ, ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. వెలుతురు తగలని చోట నూనె ఎనామిల్ తెలుపు కొన్నేళ్లకు పసుపు రంగుకు తిరుగుతుంది. పడగ్గదిలో వెలుతురు ఎంతుంటుందో తెలిసిందే కదా! అందుకే తెలుపుకు, లేత రంగులకు నీళ్ల రకమే తీసుకోండి. ముదురు నీలం, ఆకుపచ్చ, కాఫీ రంగులకు ఏదైనా ఫరవాలేదు.

పలుచన చేయడానికి ఏం కలపాలన్న దగ్గర చాలామంది పొరబడతారు. షాపులో కుర్రాడు నాతో అన్నమాట ఇది (ఎన్‌సీ అంటే తిన్నరుతో పలుచన చేసే నైట్రోసెల్యులోజ్ పెయింటు): "ఎనామిల్‌కు టర్పెంటు, ఎన్‌సీకి తిన్నరు. అటుదిటు పోసి నన్ను తిట్టొద్దక్కా." పాత ఎనామిల్ మీద తిన్నరు కలిపిన ఎన్‌సీ పెయింటు పడితే కింది పొర ఉడికినట్టయి ముడతలు పడుతుంది. నీళ్ల రకానికి నీళ్లే.

1. విప్పండి, గుర్తులు పెట్టండి

సొరుగులు, హ్యాండిళ్లు, తలుపుల బందులు అన్నీ ఊడదీయండి. ఏ తలుపు స్క్రూలు ఆ తలుపు పేరు రాసిన కవర్లో వేయండి. ఇత్తడి హ్యాండిళ్లు ఉంటే చింతపండు పులుసులో కాసేపు నానబెట్టి తోమండి, కొత్తవి కొనే పని తప్పుతుంది. మంచం పట్టెలు కాళ్లలోకి దిగే చోట టేపు అంటించండి. అక్కడ రంగు పడి మందం పెరిగితే తర్వాత సుత్తితో కొట్టినా దిగదు. సొరుగుల పక్కలకూ అంతే, ముందు పలకకు మాత్రమే రంగు వేయాలి.

2. జిడ్డు వదిలించండి

ఈ పని గీకడానికి ముందే జరగాలి. జిడ్డు మీదే ఎమ్రీ పేపరు రుద్దితే నూనె చెక్క లోపలికి ఇంకా దిగుతుంది.

గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు వేసి, గుడ్డ బాగా పిండి తుడవండి. చెక్క నానకూడదు. తర్వాత ఒట్టి నీళ్ల గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరనిచ్చి, తెల్ల గుడ్డ మీద టర్పెంటైన్ వేసుకుని తల ఆనే చోట రుద్దండి. గుడ్డ పచ్చగా, గోధుమరంగుగా మారుతుంది. గుడ్డ మార్చి మళ్లీ రుద్దండి. మా మంచానికి అలా ఏడు గుడ్డలు అయ్యాయి. ఎనిమిదోది తెల్లగానే ఉంది, అప్పుడు ఆపాను.

డ్రెస్సింగ్ టేబుల్‌కు అద్దం చుట్టూ బొట్టుబిళ్లలు ఉంటాయి. పోయిన బిళ్ల జిగురు కూడా గుండ్రంగా అక్కడే ఉంటుంది. కొబ్బరి నూనె రాసి పావుగంట ఉంచితే జిగురు మెత్తబడుతుంది, పాత ఏటీఎం కార్డుతో గీకితే వచ్చేస్తుంది. ఆ నూనెను మళ్లీ సబ్బుతో, టర్పెంటైన్‌తో కడగడం మర్చిపోకండి. లేకపోతే నూనె తీయడానికి వచ్చి నూనె పూసి పోయినట్టవుతుంది.

3. గరుకు చేయండి

పాత పొరంతా ఊడబీకాల్సిన పని లేదు. మెరుపు చచ్చి, చెయ్యి పెడితే సుద్దముక్కలా తగిలితే చాలు. 120 పేపరును చిన్న చెక్కముక్కకు చుట్టి, చెక్క గీతలు ఎటు పోతే అటే రుద్దండి. పెచ్చులు లేచిన చోట మాత్రం గట్టి పొర తగిలేదాకా గీకాలి. సన్‌మైకా అయితే 220తో మెరుపు పోయేదాకా ఓపికగా రుద్ది, నున్నటి వాటికి కూడా పట్టే ప్రైమరు కావాలని షాపులో అడిగి తెచ్చుకోండి. మామూలు వుడ్ ప్రైమరు సన్‌మైకా మీద నిలవదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చింది, 2017 నవంబరు నుంచి అమలవుతోంది. అంతకు ముందు రంగు వేసిన మంచం అయితే ఆ పొరలో సీసం ఉండొచ్చు. పొడిగా గీకి దుమ్ము లేపకుండా, నీళ్లకు ఆగే వాటర్ పేపరుతో తడిపి రుద్దండి. మాస్కు తీయొద్దు. చిన్నపిల్లలు, గర్భిణులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. దుమ్మును చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తండి.

4. లప్పం, ప్రైమరు

మేకు రంధ్రాలకు, చీలికలకు లప్పం కొంచెం ఎత్తుగా పెట్టండి. ఆరితే అది లోపలికి కుంగుతుంది. గట్టిపడ్డాక 220తో సమం చేయండి.

టేకు మీద లేత రంగు వేస్తుంటే ఇంకొక పొర అవసరం. టేకులో సహజంగా ఉండే నూనె, రంగు ప్రైమరును కూడా దాటుకుని పైకి వస్తాయి. లక్కను స్పిరిట్‌లో కరిగించిన పాలిష్‌ను పలుచగా ఒకటి రెండు కోట్లు పూస్తే వాటిని అడ్డుకుంటుంది. స్పిరిట్ కాబట్టి గంటలోపే ఆరిపోతుంది. మా మంచం తలవైపు ప్లైవుడ్డే అయినా, ఆ రెండు తలల మరకల మీద కూడా నేను రెండు కోట్లు వేశాను. అవి మళ్లీ తేలలేదు.

ఆ తర్వాత ప్రైమరు. ఒక రాత్రి ఆరనిచ్చి, 220తో తేలిగ్గా రుద్ది, పొడిని గుడ్డతో ఎత్తేయండి.

5. రంగు

డబ్బాను ఊపకండి, బుడగలు వస్తాయి. పుల్లతో అడుగు నుంచి కలపండి. డబ్బా ఇంతకు ముందు తెరిచిందైతే పాత వాయిల్ చీర ముక్కలో వడకట్టండి. బ్రష్షును మూడో వంతే ముంచండి. ముందు మూలలు, చెక్కుడు పని ఉన్న చోట్లు అంగుళం బ్రష్షుతో, తర్వాత వెడల్పు పలకలు రోలరుతో. రోలరు వదిలిన చుక్కల్ని ఆరకముందే బ్రష్షు కొసతో ఒకే దిక్కుకు లాగేయండి. ఒకసారి లాగిన చోట మళ్లీ చెయ్యి పెట్టొద్దు. అక్కడ కొంచెం తక్కువైందే అనిపిస్తుంది, రెండో కోటు ఉంది కదా!

మొదటి కోటు ఎప్పుడూ అధ్వానంగానే కనిపిస్తుంది. చూసి టెన్షన్ పడి మందంగా పూసేస్తే కారుతుంది. నీళ్ల రకమైతే మూడు నాలుగు గంటలు, నూనెదైతే ఒక రాత్రి ఆగి, 320తో పైపైన రుద్ది, రెండోది వేయండి.

టర్పెంటైన్, ఎనామిల్ అంటిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆరే నూనెలు వేడి పుట్టిస్తాయి, కుప్పగా ఉంటే వాటంతట అవే అంటుకోవచ్చు. తీగ మీద విడివిడిగా ఆరేసి, ఆరాక పారేయండి.

ఇనప బీరువా

పద్ధతి ఇదే, చెక్క లేదు కాబట్టి లక్క పాలిష్ ఉండదు. తుప్పును మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, టర్పెంటైన్‌తో తుడిచి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ కొట్టేయాలి. రాత్రి దాకా వదిలేస్తే మళ్లీ తుప్పు మొదలవుతుంది. మర్నాటి నుంచి రెండు కోట్లు ఎనామిల్, మధ్యలో పైన చెప్పినంత సేపు ఆగి. తాళం రంధ్రానికి టేపు వేయండి.

బీరువా తలుపు మీద ప్రతి పండక్కీ పెట్టిన పసుపు కుంకుమ బొట్లు ఉంటాయి. సబ్బుతో పూర్తిగా కడగాలి, లేకపోతే కుంకుమ రంగు లేత పెయింటులోకి దిగుతుంది. మా బీరువాకు ఇంకో చిక్కు వచ్చింది, నడిమధ్యన వెంకటేశ్వరస్వామి స్టిక్కరు. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెడితే ఊడొచ్చేదే. అత్తమ్మ వచ్చి నిలబడింది. "అమ్మాయ్, స్వామిని గీకితే నేనొప్పుకోను. ఆయన ఉన్న చోటే ఉండనీ, నువ్వు పక్కన కొట్టుకో." స్టిక్కరు అంచు వెంబడి మాస్కింగ్ టేపు అంటించి, చుట్టూ నీలం కొట్టాను. రంగు ఇంకా కొంచెం తడిగా ఉండగానే టేపును వాలుగా లాగేస్తే అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. ఇప్పుడు చూసినవాళ్లంతా కావాలనే అలా చేయించామనుకుంటున్నారు.

ఆరడం వేరు, గట్టిపడటం వేరు

చేతికి అంటకపోతే ఆరినట్టు, అంతే. లోపలి పొరలు పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా తడిగుడ్డ తగలకూడదు, డ్రెస్సింగ్ టేబుల్ మీద నూనె సీసాలు, నీళ్ల గ్లాసులు పెట్టకూడదు. పెట్టక తప్పకపోతే కింద గుడ్డ వేయండి. సొరుగు పట్టాలకు కొవ్వొత్తి రుద్దితే సాఫీగా జారతాయి, అదీ రంగు పని మొత్తం అయ్యాకే. మైనం మీద రంగు పట్టదు.

మంచం మీద పరుపు వేయడానికి కనీసం వారం ఆగండి. మేం నాలుగో రోజే వేయాల్సి వచ్చింది. ఆ రాత్రి చిత్తూరు నుంచి మా చిన్నమ్మ వాళ్లు ఐదుగురు తెల్లవారుజామున దర్శనం ఉందంటూ దిగారు. వాళ్లు కొండెక్కాక పరుపు ఎత్తి చూస్తే పక్క పట్టె పొడవునా పరుపు గుడ్డ నేత అచ్చుగుద్దినట్టు పడి ఉంది. 320 పేపరు, ఇంకొక కోటు, మళ్లీ వారం. ఈసారి వచ్చిన చుట్టాలకు హాల్లో చాపలు పరిచాం.