కౌన్సెలింగ్‌కి ముందు ఒక్కటి చూసుకోండి: మీ మెయిల్‌లో ఉన్న ఫోన్ నంబర్ ఎవరిది?

పోయిన మంగళవారం పొద్దున షట్టర్ తీయడానికి వచ్చేసరికి ఒక తండ్రీ కూతురూ మా నెట్ సెంటర్ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. అమ్మాయికి ర్యాంకు బాగానే వచ్చింది. కౌన్సెలింగ్ లాగిన్ పాస్‌వర్డ్ మర్చిపోయింది. రీసెట్ లింక్ మెయిల్‌కి వెళ్తుంది, ఆ మెయిల్ పాస్‌వర్డ్ కూడా గుర్తు లేదు. ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా’ నొక్కితే చుక్కలు చుక్కలుగా ఒక ఫోన్ నంబర్ వచ్చింది, చివర 37.

“నాన్నా, ఇది మనదేనా?”

ఆయన జేబులోంచి రెండు ఫోన్లూ తీసి చూశాడు. “కరోనా అప్పుడు నీ ఆన్‌లైన్ క్లాసులకని కొన్న సిమ్మమ్మా. రీచార్జ్ ఆపేశాం కదా.”

ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే ఎవరో కోళ్ల ఫారం ఆయన ఎత్తాడు. మీ ఫోన్‌కి ఒక కోడ్ వస్తుంది, కాస్త చెప్పండి అని బతిమాలాం. “ఓటీపీ ఎవరికీ చెప్పకూడదంట కదండీ” అని పెట్టేశాడు. ఆయన తప్పేమీ లేదు. అప్లికేషన్ ఫారంలో తండ్రి ఇప్పటి నంబరే ఉండబట్టి దానికి ఓటీపీ తెప్పించుకుని కౌన్సెలింగ్ గండం గట్టెక్కాం. మెయిల్ మాత్రం ఇంకా తెరుచుకోలేదు.

పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకోండి, పుట్టినరోజు పెట్టొద్దు లాంటివి మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. పాస్‌వర్డ్ మర్చిపోయి ఎవరూ చెడిపోలేదు, అది 5 నిమిషాల పని. నేను చూసినంతలో మెయిల్ పోగొట్టుకున్నవాళ్లంతా ఒక్క చోటే పోగొట్టుకున్నారు: రికవరీ నంబర్, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే నంబర్, వాళ్లది కాదు. ఒకప్పటి సిమ్ముదో, మేనమామదో, నెట్ సెంటర్ వాడిదో అయి ఉంటుంది.

నెట్ సెంటర్ అన్నాను కాబట్టి నా సంగతీ చెప్పాలి. 2016, 17లో నేనూ ఇదే చేశాను. పిల్లాడి దగ్గర ఫోన్ ఉండదు, వాళ్ల నాన్న పొలంలో ఉంటాడు, వెనక లైన్లో పదిమంది. నా నంబర్ కొట్టేసేవాణ్ణి. ఇప్పటికీ అప్పుడప్పుడు రాత్రి పదకొండింటికి నా ఫోన్‌కి గూగుల్ కోడ్‌లు వస్తుంటాయి. ఎక్కడో ఎవరో లాగిన్ కాలేక అవస్థ పడుతున్నారని అర్థమవుతుంది, ఎవరో తెలీదు.

ఇవాళే చేయాల్సినవి

మెయిల్ తెరుచుకుంటున్నప్పుడే ఇది చేయాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్‌లోకి వెళ్లి, మీ ఖాతా తెరిచి, సెక్యూరిటీలో రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ చూడండి. అక్కడున్న నంబర్ ఈ నిమిషాన మీ చేతిలో మోగుతుందా? లేకపోతే మార్చండి. కౌన్సెలింగ్ ముందు రోజు రాత్రి దాకా ఆగొద్దు. నంబర్ మార్చినా కోడ్‌లు ఇంకో 7 రోజుల దాకా పాత నంబర్‌కి కూడా వెళ్లే వీలుంది. మీ ఖాతాని ఎవరైనా కొట్టేసి నంబర్ మార్చేస్తే మీరు వెనక్కి తెచ్చుకోవడానికే ఆ గడువు పెట్టారు. పాత నంబర్ ఇంకొకరి చేతిలో ఉంటే అదే వాళ్లకి పనికొస్తుంది.

రీచార్జ్ లేక ఆగిపోయిన నంబర్‌ని కంపెనీ కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు. సిమ్ము ఇంట్లో డబ్బాలో ఉంది కదా అంటారు కొందరు. డబ్బాలో ఉన్నది ప్లాస్టిక్ ముక్క, నంబర్ కోళ్ల ఫారంలో ఉంది.

టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేసుకుంటే, ఫోన్ చేతిలో లేనప్పుడు వాడుకునే బ్యాకప్ కోడ్‌లు తీసుకోవచ్చు. 10 కోడ్‌లు, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ప్రింట్ తీసి టెన్త్ మెమో ఉన్న ఫైల్లో పెట్టండి. ఫొటో తీసి అదే ఫోన్లో దాచుకుంటే ఫోన్ పోయినరోజు కోడ్‌లూ దాంతోపాటే పోతాయి.

మర్చిపోయాక

ముందు మెయిల్ ఐడీ సరిగ్గా ఉందో లేదో చూడండి. నా దగ్గరికి ‘పాస్‌వర్డ్ తప్పంటోంది’ అని వచ్చేవాళ్లలో చాలామంది ఐడీలో అంకె మార్చి కొట్టినవాళ్లే. జీమెయిల్లో చుక్క ఉన్నా లేకపోయినా ఒకటే, అంకె అలా కాదు.

తర్వాత, మీరు ఎప్పుడూ వాడే ఫోన్‌లోనే, ఇంట్లోనే, ఎప్పుడూ వాడే బ్రౌజర్‌లోనే ప్రయత్నించండి. నెట్ సెంటర్‌కి పరిగెత్తుకు రావద్దు. నా వ్యాపారం దెబ్బతిన్నా ఫర్వాలేదు, నిజం ఇది: తెలిసిన ఫోన్, తెలిసిన చోటు అయితే మీరే అని గూగుల్ నమ్మడానికి ఆధారం ఉంటుంది. నా కంప్యూటర్ దానికి పరాయిది. ఇంట్లో పగిలిన స్క్రీన్‌తో పాత ఫోన్ ఏదైనా ఉంటే చార్జింగ్ పెట్టి చూడండి. అందులో మెయిల్ ఇంకా లాగిన్ అయి ఉందంటే పని సగం అయినట్టే. పాత పాస్‌వర్డ్ అడిగితే గుర్తున్నదాంట్లో దగ్గరగా ఉన్నది కొట్టండి, ఖాళీగా వదలొద్దు. వరసగా పదిసార్లు కొట్టకండి. కొన్ని గంటలు ఆగమంటే ఆగండి.

ఇక ఇవి అన్నీ కలిపి:

గూగుల్ కస్టమర్ కేర్ నంబర్ అని నెట్‌లో వెతకొద్దు. పాస్‌వర్డ్ మార్చిపెట్టడానికి ఫోన్లో మాట్లాడే మనిషి ఎవరూ ఉండరు. మార్చిపెడతాం అనే ప్రతి నంబరూ దొంగదే.

₹500 ఇస్తే మెయిల్ తెరిపిస్తా అన్నవాడికి ఇవ్వొద్దు.

మీ స్క్రీన్ అవతలివాళ్లకి చూపించే యాప్ ఏదీ వేసుకోవద్దు.

మీరు అడగకుండా కోడ్ వస్తే ఎవరికీ చెప్పొద్దు. ‘పొరపాటున మీ నంబర్‌కి వచ్చింది’ అన్నా సరే.

నెట్ సెంటర్‌లో మెయిల్ తెరిస్తే ఇన్‌కాగ్నిటోలో (మూసేశాక మీ లాగిన్ గుర్తుపెట్టుకోని బ్రౌజర్ కిటికీ) తెరవండి. ‘పాస్‌వర్డ్ సేవ్ చేయాలా’ అంటే వద్దు అనండి. లాగౌట్ చేసి, ఆ బ్రౌజర్ కిటికీ మూసి, అప్పుడు లేవండి.

మెయిల్ చేతికొచ్చాక కంప్యూటర్లో తెరిచి ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. మధ్యలో ఎవరైనా దూరి ఉంటే మీ మెయిల్స్ ఇంకో అడ్రస్‌కి వెళ్లేలా పెట్టి ఉండొచ్చు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అది ఆగదు.

మీ ఖాతాలో తెలియని ఫోన్ లాగిన్ అయి ఉంటే దాన్ని తీసేయండి.

రెండేళ్లు ముట్టుకోని ఖాతాని గూగుల్ తీసేయవచ్చు. 2023 డిసెంబర్ నుంచి తీసేస్తోంది కూడా. పాత మెయిల్ ఒకటి ఉంటే ఇవాళ ఒకసారి తెరవండి.

ఫోన్లో సిగ్నల్ ఉన్నట్టుండి పోయి గంటైనా రాకపోతే వేరే ఫోన్ నుంచి సిమ్ కంపెనీకి ఫోన్ చేయండి. మీ నంబర్ ఇంకో సిమ్‌లోకి ఎక్కించారేమో అడగండి.

డబ్బు పోతే ముందు 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. ఏడుపు తర్వాత.

సిమ్ మార్చే రోజు ముందు మెయిల్‌లో నంబర్ మార్చండి, తర్వాతే పాత సిమ్ పీకండి. ఈ వరస తప్పొద్దు.

రికవరీ నంబర్ చూశారా? ఇక్కడిదాకా చదివి ఇంకా చూడకపోతే ఇప్పుడు చూడండి.

2016, 17లో మా షాపులో మెయిల్ చేయించుకున్నవాళ్లకి: రికవరీలో చివర 64 అని కనిపిస్తే ఆ నంబర్ నాది కావొచ్చు. వాడే ఫోన్ పట్టుకుని షాపుకి రండి. కోడ్ నా ఎదురుగానే చూసుకుని మీ నంబర్ పెట్టుకుందురుగాని. డబ్బులేమీ వద్దు. ఆదివారం మాత్రం షాపు తీయను.