మెడికో, నర్సింగ్, ఫార్మసీ పిల్లల చేత కలిపి ప్రాజెక్టు చేయించడం ఎలా?

మొదటి ఏడాది నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. "ఏదైనా కొత్తది కనిపెట్టండి" అన్నాను. నాలుగు టీములు నాలుగు యాప్‌లు తెచ్చాయి. రోగితో మాట్లాడిన టీము ఒక్కటీ లేదు.

ఇప్పుడు సమస్య నేనే ఇస్తాను. తిరుపతిలో ఉన్నాం కాబట్టి వెతుక్కోవాల్సిన పని లేదు: "షుగరున్న మనిషి మొక్కు కోసం ఉత్త కాళ్లతో అలిపిరి మెట్లు ఎక్కుతున్నాడు. మెట్లు సుమారు 3,550. మనమేం చేయగలం?"

టీముకు నలుగురు: ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ నుంచి ఒక్కొక్కరు. లీడర్‌ని వారానికొకరిని మార్చండి. లేకపోతే అందరూ మెడికో మొహమే చూస్తూ కూర్చుంటారు.

మొదటి రెండు వారాలు పరిష్కారం ఊసెత్తనివ్వకండి. కాలేజీ అనుమతి తీసుకుని, పొద్దున్నే మెట్లు మొదలయ్యే పాదాల మండపం దగ్గరికి పంపండి. వినడమే పని. పేర్లు రాసుకోవద్దు, ఫొటోలు తీయొద్దు.

ఒక టీములో మెడికో "చెప్పులేసుకోమంటే సరిపోతుంది కదా మేడమ్" అన్నాడు. నర్సింగ్ అమ్మాయి నవ్వేసింది. "మా అవ్వ మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతుంది. ఆ మెట్టు మీద చెప్పు పెడుతుందా?" ఫార్మసీ కుర్రాడికి పట్టింది వేరే విషయం. ఒక పెద్దాయన పొద్దున్నే గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని, దర్శనం అయ్యేదాకా తిననని ఖాళీ కడుపుతో బయల్దేరాడట. ఆ మాత్రతో దారిలో షుగర్ పడిపోవచ్చు; మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఆ భయం చాలా తక్కువ. అప్పటిదాకా అందరూ పాదాల గురించే ఆలోచిస్తున్నారు! మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగేటప్పుడు బస్సెక్కితే మేలన్నది ఫిజియో అమ్మాయి మాట.

చివరికి తయారైంది అరచేతిలో పట్టే చీటీ. తిని బయల్దేరండి, జేబులో మూడు చెంచాల పంచదార పెట్టుకోండి, దిగాక ఫోన్ కెమెరాతో అరికాళ్లు చూసుకోండి.

చీటీ అయిపోయిందని సంబరపడనివ్వకండి. సంబంధం లేని ఐదుగురి చేత చదివించి, అర్థమైంది తిరిగి చెప్పమనండి. మా మొదటి చీటీలో 'హైపోగ్లైసీమియా' (షుగర్ పడిపోవడం) అని ఉంది. పూలమ్మే ఆమె "ఇదేంది నాయనా, మందు పేరా?" అంది. "చెమటలు పట్టి, చేతులు వణికితే" అని మార్చారు.

ఇక మార్కులు. ఒకరి గురించి, ఒకరి నుంచి, ఒకరితో కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. నేను ఆ 'ఒకరి నుంచి' దగ్గరే సగం మార్కులు పెడతాను: పక్క కోర్సు వాళ్ల మాటతో నీ అభిప్రాయం ఎక్కడ మారిందో ఒక పేజీ రాయాలి. చెప్పుల మెడికో రాసిన పేజీకే ఆ ఏడాది ఎక్కువ మార్కులు పడ్డాయి.

టైమ్‌టేబుల్ తలనొప్పి మాత్రం తప్పదు. నలుగురికీ ఖాళీ కుదిరేది శనివారం మధ్యాహ్నమే. ప్రిన్సిపాల్‌తో జూన్‌లోనే మాట్లాడి పెట్టుకోండి.