టెక్సాస్ రాష్ట్ర చిహ్నాల మీద పిల్లలతో స్కూల్ ప్రాజెక్ట్ ఎలా చేయించాలి?

టెక్సాస్‌లో నాలుగో తరగతి పిల్లలకు రాష్ట్ర చరిత్ర ఒక పాఠం. డాలస్, ఆస్టిన్ వైపు స్థిరపడిన మన తల్లిదండ్రులకు అది కొత్త. టెన్షన్ పడక్కర్లేదు. చిహ్నాల పేర్లు బట్టీ పట్టించకండి, వాటిని ఎందుకు ఎంచుకున్నారో వెతికించండి.

1. ముందు చరిత్ర చెప్పండి. 1836 మార్చి 2న టెక్సాస్ మెక్సికో నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. దాదాపు పదేళ్లు సొంత దేశంగా ఉండి, 1845 డిసెంబర్ 29న అమెరికాలో 28వ రాష్ట్రంగా చేరింది. రాజధాని ఆస్టిన్, 254 కౌంటీలు (మన జిల్లాల లాంటివి), విస్తీర్ణంలో అలాస్కా తర్వాతి స్థానం లాంటి వివరాలు చార్టులో ఓ మూల రాయిస్తే చాలు.

2. జెండా గీయించండి. ఒంటి నక్షత్రం ఉన్న ఈ జెండా 1839 నాటిది, అంటే దేశంగా ఉన్నప్పటిది. ఎడమవైపు మూడో వంతు వెడల్పున నీలం, అందులో తెల్ల నక్షత్రం. మిగతా భాగంలో పైన తెలుపు, కింద ఎరుపు. నీలం పట్టీ పైనుంచి కింద దాకా ఉండాలి. సగంలో ఆపేస్తే అది చిలీ దేశపు జెండా అయిపోతుంది.

3. ఎక్కువ చోటు పువ్వుకివ్వండి. అన్నిటికన్నా మంచి కథ దానిదే. 1901లో రాష్ట్ర పుష్పం కోసం శాసనసభలో పెద్ద చర్చ జరిగింది. ఒకరు పత్తికాయ అన్నారు. తర్వాతి కాలంలో అమెరికా ఉపాధ్యక్షుడైన జాన్ నాన్స్ గార్నర్ నాగజెముడు పువ్వు కావాలని పట్టుబట్టారు. చివరికి ఒక మహిళా సంఘం కోరిన బ్లూబానెట్ అనే నీలి పువ్వు గెలిచింది. కానీ చట్టంలోకి ఎక్కింది అందులో చిన్నగా ఉండే రకం. నిండుగా పూసే రకాన్ని వదిలేశారని జనం చాలాకాలం వాదించారు. 1971లో అన్ని రకాలనూ రాష్ట్ర పుష్పంగానే ఒప్పుకున్నారు. కాబట్టి మీ పాప ఏ బ్లూబానెట్ గీసినా తప్పులేదు. మార్చి చివర్లో, ఏప్రిల్‌లో రోడ్ల పక్కన విరగబూస్తుంది. ఫోటోలు మీరే తీయండి, మొక్కల మీద మాత్రం కూర్చోబెట్టకండి. గింజ కడితేనే మళ్లీ ఏడాదికి పూలు.

4. రాష్ట్ర వృక్షం పెకాన్ (1919). తన సమాధి దగ్గర రాతికి బదులు పెకాన్ చెట్టు నాటి, కాయలు ప్రజలకు పంచమని గవర్నర్ జేమ్స్ హాగ్ కోరారు. ఎంత గొప్ప కోరిక! రాష్ట్ర పక్షి మాకింగ్‌బర్డ్ (1927). 1995లో ఒంటిమీద గట్టి పెంకు ఉండే ఆర్మడిల్లో అనే జంతువు, పొడవాటి కొమ్ముల లాంగ్‌హార్న్ పశువు కూడా రాష్ట్ర జంతువులుగా చేరాయి. వీటికి తలా ఒక బొమ్మ, ఒక వాక్యం సరిపోతాయి.

5. చార్టు అతికించాక ఏవైనా రెండు చిహ్నాల కథ పాపనే సొంత మాటల్లో చెప్పమనండి. క్లాసులో టీచర్ అడిగేది ఎక్కువగా అదే.