కస్టమ్ రూమ్ గొడవల్లేకుండా నడపడం ఎలా?

2021లో బీజీఎంఐ (పబ్‌జీకి మన దేశపు రూపం, ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట) వచ్చినప్పటి నుంచి కర్నూలులో మా కుర్రాళ్లకు ఆదివారం కస్టమ్ రూమ్, అంటే మనం పిలిచినవాళ్లే ఆడే సొంత మ్యాచ్, పెడుతున్నా. పొద్దున ఉగ్గాని బజ్జీ తినేసి పదకొండింటికి అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. ఇప్పుడు ప్రతి వీధిలో ఎవడో ఒకడు టోర్నమెంట్ అని పోస్టర్ వేస్తున్నాడు, మొదటి మ్యాచ్ కాకముందే తిట్లు మొదలవుతున్నాయి. అందరూ తప్పు చేసేది ఒకే చోట. అక్కడికి వస్తా.

కావాల్సినవి: రూమ్ కార్డు (ఆటలో రూమ్ తెరవడానికి వాడేది), వాట్సాప్ గ్రూపు, నోటు పుస్తకం, వేడెక్కని ఫోన్. అంతే.

వాట్సాప్ బదులు డిస్కార్డ్ అనే చాట్ యాప్ పెట్టమని కాలేజీ పిల్లలు చెబుతారు. వినొద్దు. 2022 జులైలో ఈ ఆటను యాప్ స్టోర్లలోంచి తీసేశారు, మళ్లీ 2023 మేలో గానీ రాలేదు. ఆ పది నెలలూ మా గ్రూపులో క్రికెట్ స్కోర్లు, పెళ్లి పత్రికలు తిరిగాయి. ఆట రాగానే ఒక్క మెసేజ్‌తో రూమ్ నిండింది. డిస్కార్డ్ అయితే అన్నాళ్లు ఎవడు తెరిచి చూసేవాడు?

రూమ్‌లో నూరు మందిని ఎక్కించొచ్చు. మీరు మాత్రం నలుగురేసి 16 జట్లు దాటొద్దు. మ్యాప్ (ఆడే చోటు) ఎరాంగెల్. సాన్‌హాక్ అనే చిన్న మ్యాప్ అడిగేవాళ్లకు ఓపిక తక్కువ, వాళ్లను పట్టించుకోవద్దు. ఎంట్రీ ఫీజు పైసా కూడా తీసుకోవద్దు. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టమే చేసింది. చట్టం సంగతి అలా ఉంచండి, వంద రూపాయలు కట్టినవాడు సాయంత్రం దాకా మీ నెత్తిన కూర్చుంటాడు.

ఇక అసలు సంగతి, రూమ్‌లోకి రావడానికి కావాల్సిన ఐడీ పాస్‌వర్డ్. దీన్ని పెద్ద గ్రూపులో పెట్టారా, ఆ రోజు పోయినట్టే. ఒకసారి నేనూ పెట్టా. ఎవడో ఆదోనిలో ఉన్న బావమరిదికి పంపాడు, అతను ఫ్రెండ్స్‌ను తెచ్చుకుని మూడో స్లాట్‌లో (రూమ్‌లో ఒక జట్టుకు కేటాయించిన చోటు) కూర్చున్నాడు. ఆ స్లాట్ అసలు జట్టుకు చోటు లేదు. కంగారులో నేను కిక్ చేసింది, అంటే రూమ్‌లోంచి తీసేసింది, ఆ అసలు జట్టు కెప్టెన్నే. వాడు నాతో నెల రోజులు మాట్లాడలేదు.

అందుకే స్లాట్ల జాబితా ముందు రోజు రాత్రే పెట్టేయండి. కెప్టెన్లకు మాత్రం వేరే గ్రూపు ఉండాలి, అందులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకూడదు. మ్యాచ్‌కు పదిహేను నిమిషాల ముందు ఐడీ, పాస్‌వర్డ్ అక్కడే ఇవ్వండి. అంతకు ముందు ఇస్తే లీక్ అవుతుంది, తర్వాత ఇస్తే పరుగులు. ప్రతి మ్యాచ్‌కూ పాస్‌వర్డ్ మార్చాలి. 1234 పెట్టేవాళ్లు హోస్ట్ చేయకపోవడమే మంచిది.

ఆటగాళ్ల పేర్లు నమ్మొద్దు. ఈ వారం కింగ్ అని ఉన్నవాడు వచ్చే వారానికి వంకర అక్షరాలతో ఇంకో పేరు పెట్టుకుంటాడు. ప్రొఫైల్‌లో అంకెల ఐడీ ఉంటుంది, అది మారదు. దాన్నే నోటు పుస్తకంలో రాసుకోండి. ఐదు నిమిషాల ముందు లాబీ (మ్యాచ్ మొదలయ్యే దాకా అందరూ ఆగే చోటు) స్క్రీన్‌షాట్ తీసి, అనుమానం వచ్చిన ప్రతివాడి ఐడీ పుస్తకంతో సరిచూడండి. కొత్త ముఖం కనిపిస్తే వెంటనే కిక్ కొట్టొద్దు. కెప్టెన్‌కు ఫోన్ చేయండి, ఎత్తకపోతే అప్పుడు కొట్టండి.

టైమ్ అయితే స్టార్ట్ నొక్కడమే. "అన్నా, నెట్ రాల్యా, రెండు నిమిషాలు ఆగు" అనే ఫోన్ తప్పకుండా వస్తుంది. ఒకడి కోసం ఆగితే మిగతా పదిహేను జట్లూ అదే నేర్చుకుంటాయి. నేనైతే మా తమ్ముడి కోసం కూడా ఆగలేదు. మీరు మాత్రం ఆడొద్దు, చూస్తూ కూర్చోండి. హోస్ట్ గెలిస్తే ఎవరూ నమ్మరు.

పాయింట్లు సులువు. మొదటి ఎనిమిది స్థానాలకు వరుసగా 10, 6, 5, 4, 3, 2, 1, 1. ఎదుటివాణ్ని పడగొడితే, అంటే కిల్‌కు, ఒకటి. ప్రతి మ్యాచ్ చివర ఫలితాల స్క్రీన్‌షాట్ తీయండి. టీమింగ్ (వేర్వేరు జట్లు లోపాయికారీగా కలిసి ఆడటం) చేశారని ఎవరైనా అంటే స్క్రీన్ రికార్డింగ్ అడగండి. వాయిస్ మెసేజ్‌లు వినడం మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం చల్లారిపోతుంది.