బోటింగ్‌ల బండి తాళంచెవి నీళ్లల్ల పడ్డా మునగకుండ చిట్కా

ములుగు జిల్లా లక్నవరం చెరువుల బోటెక్కినంక అందరం ఒంగి నీళ్లు ముట్టుకుంటం, అప్పుడే పైజేబుల బండి తాళంచెవి జారి పడ్డదంటే ఇగ దొరకదు, ఆ అడవిల మెకానిక్ కోసం గోవిందరావుపేట దిక్కు పోవుడే. అర లీటర్ ఖాళీ వాటర్ బాటిల్ తీస్కొని, లోపల చుక్క నీళ్లు లేకుండ మూత గట్టిగ బిగించి, మెడకాడ జానెడు నైలాన్ దారంతోని తాళంచెవి రింగును రెండు ముళ్లేసి కట్టుర్రి. బయల్దేరేముందు ఇంట్ల బకెట్ల ఏసి ఐదు నిమిషాలు చూడుర్రి, తేలితే సాలు. పిల్లలతోని పోయేటోళ్లు మాత్రం తప్పకుండ చెయ్యుర్రి.

మూత వదులుంటే నీళ్లు జొచ్చి మునుగుతది. కారు రిమోట్ తాళమైతే తేలినా లోపల తడిసి ఖరాబైతది, దాన్ని ముందు జిప్‌లాక్ కవర్ల పెట్టి అప్పుడు కట్టాలె.