డ్రైవింగ్ నేర్చుకుందాం – 9వ పాఠం: సెల్లార్‌లో రివర్స్ పార్కింగ్

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? ఖాళీ గ్రౌండ్‌లో ఇరవై అడుగులు తిన్నగా రివర్స్ రావడం, అదీ మూడు అద్దాలూ చూసుకుంటూ. అది కుదరనివాళ్లు ఈ పాఠం పక్కన పెట్టి, ఇంకో రెండు రోజులు అదే చేయండి. తొందరేం లేదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చూసే ఉంటారు. కొందరు తమ స్లాట్ దాటి ముందుకెళ్లి, ఆగి, రివర్స్ వేస్తారు. వెనక వచ్చినవాడు హారన్ కొడుతూనే ఉంటాడు, వీళ్లు మాత్రం నిదానంగా కారుని వెనక్కి దించుకుంటారు. ‘ఎందుకీ బిల్డప్, ముక్కు లోపలికి పెట్టి దిగిపోక’ అనిపిస్తుంది. కారు కొన్న మొదటి ఏడాదంతా నాకూ అలాగే అనిపించేది.

ఒకరోజు పొద్దున ఎనిమిదిన్నరకి, ఆఫీసు హడావుడిలో స్లాట్‌లోంచి రివర్స్‌లో బయటికొస్తున్నాను. రెండు పక్కలా స్తంభాలు, ఎడమ స్తంభం అవతల పక్కింటివాళ్ల పెద్ద బండి. దాని వెనక ఏముందో నాకు అసలు కనబడదు. ఉన్నట్టుండి వాచ్‌మన్ డిక్కీ మీద దబదబా బాదాడు, ‘ఆగండి సార్, ఆగండి!’ అని. బ్రేక్ తొక్కాను. బండి చాటు నుంచి స్కూల్ బ్యాగ్ వేసుకున్న పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్లిపోయింది. పాపకేం కాలేదు. కానీ ఆ టెన్షన్‌లో స్టీరింగ్ కుడికి ముందే తిప్పేశానని దిగి చూశాకే తెలిసింది. కారు ఎడమ ముందు మూల స్తంభానికి ఆనుకుని ఉంది.

ముక్కుతో పెట్టినా, తోకతో పెట్టినా రివర్స్ అయితే ఒకసారి తప్పదు. ఎప్పుడు చేస్తామన్నదే తేడా. వచ్చేటప్పుడు చేస్తే, దాటుకుంటూ వచ్చాం కాబట్టి చూసిన స్లాట్‌లోకే వెళ్తాం. అందులో మనుషులు నడవరు. వెళ్లేటప్పుడు చేస్తే మనుషులూ బళ్లూ తిరిగే దారిలోకి, అటూ ఇటూ కనబడకుండా, వీపుతో వస్తాం. ఇంటికొచ్చేటప్పుడు ఒక నిమిషం ఎక్కువైనా పర్లేదు, పొద్దున ఆ నిమిషం ఎవరి దగ్గరా ఉండదు. చాలా కెమికల్ ఫ్యాక్టరీల్లో కార్లు రివర్స్‌లోనే పెట్టాలని బోర్డు ఉండేది కూడా ఇందుకే. సైరన్ మోగితే తిన్నగా వెళ్లిపోవాలి కదా.

రెండో కారణం చక్రాల్లో ఉంది. వానలో తడిసొచ్చిన కారు సెల్లార్‌లో మలుపు తిరిగాక నేల మీది టైరు అచ్చులు చూడండి. వెనక టైరు అచ్చు ముందు టైరుదాని మీద పడదు, మలుపు లోపలి వైపుకి జరిగి ఉంటుంది. అందుకే ముక్కుతో దూరితే ముందు భాగం హాయిగా వెళ్లిపోయినా, వెనక తలుపు దగ్గర స్తంభం గీరుకుంటుంది. రివర్స్‌లో ఈ గొడవ లేదు. స్టీరింగ్‌తో తిరగని వెనక చక్రాలు మొదట స్లాట్‌లోకి వెళ్తాయి, స్టీరింగ్‌తో తిరిగే ముందు చక్రాలు ఖాళీ ఉన్న దారిలో ఉండి తోకని ఎటు కావాలంటే అటు తిప్పుతాయి. గోడౌన్లలో ఫోర్క్‌లిఫ్ట్‌కి స్టీరింగ్ వెనక చక్రాలకే ఉంటుంది, ఇరుకులో తిరగడానికే.

ఇక పని మొదలుపెడదాం. స్లాట్ మీకు కుడి చేతి వైపు ఉందనుకోండి. మన సీటు కుడివైపే కాబట్టి ఇదే తేలిక. కుడి పక్క కార్లకి మీటరు, మీటరున్నర దూరంలో నెమ్మదిగా రండి. మీ భుజం స్లాట్ మధ్యకి రాగానే స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి, ఎదురు వరసకి తగలకుండా కాస్త ముందుకెళ్లండి. కారు ఏటవాలుగా నిలబడి, తోక స్లాట్ వైపు చూస్తుంది. ఆగండి. ఈ ఏటవాలు బాగా కుదిరితే సగం పని అయిపోయినట్టే. చాలామంది ఇది మానేసి తిన్నగా ఉన్న కారుని ఒకేసారి తిప్పబోయి నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ తంటాలు పడతారు.

ఇప్పుడు రివర్స్ గేర్. యాక్సిలరేటర్ ముట్టుకోకండి, హాఫ్ క్లచ్, అంటే క్లచ్ సగం వదిలితే చాలు. ఆటోమేటిక్ అయితే బ్రేక్ మీద కాలు. రివర్స్‌లో స్టీరింగ్ ఎటు తిప్పితే తోక అటే వెళ్తుంది, కుడికి తిప్పండి. కుడి అద్దంలో దగ్గరి స్తంభాన్ని చూస్తూ ఉండండి, వెనక టైరు దాన్ని దాటేదాకా కన్ను అక్కడే. మధ్యమధ్యలో ఎడమ ముందు మూల వైపూ ఒక చూపు వేయండి, తోక కుడికి వెళ్తుంటే ముక్కు ఎడమకి ఊగుతుంది. నా కారుకి గీత పడింది అక్కడే. రెండు అద్దాల్లోనూ సందు సమానంగా కనబడగానే స్టీరింగ్ తిన్నగా చేసి లోపలికి రండి. ఒక పక్క ఇరుకైతే పట్టుదలకి పోకుండా ముందుకొచ్చి మళ్లీ దిద్దుకోండి. స్లాట్ సాధారణంగా రెండున్నర మీటర్లు, స్విఫ్ట్ వెడల్పు 1,735 మిల్లీమీటర్లు. సరిగ్గా మధ్యలో పెట్టినా పక్కకి మూరెడు కూడా మిగలదు.

సెన్సార్ ఉంది కదా అంటారు. 2019 జూలై నుంచి కొత్త కార్లకి వెనక సెన్సార్లు తప్పనిసరి, నిజమే. అవి వెనక సంగతే చెబుతాయి, ముందు మూల సంగతి చెప్పవు. వాచ్‌మన్ ‘రానీ... రానీ...’ అంటున్నా చూసుకునే పూచీ మీదే. అన్నట్టు, లైసెన్స్ టెస్టులో రివర్స్‌లో ఇరుకు చోటుకి బండి మళ్లించగలగాలని 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది.

అన్నిచోట్లా ఇదే చేయమనను. సూపర్‌మార్కెట్‌లో డిక్కీ గోడ వైపు పెడితే బియ్యం బస్తా ఎక్కించలేం. ఏటవాలు గీతలున్న పార్కింగ్‌లో ముక్కుతోనే పెట్టాలి. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల కిటికీ కింద తోక పెట్టి పొద్దున్నే ఇంజన్ ఆన్ చేశారంటే ఆ పొగంతా వాళ్ల వంటింట్లోకే.

హోంవర్క్: ఖాళీ పెయింట్ డబ్బాలు నాలుగు తెచ్చి, రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు వచ్చేలా గ్రౌండ్‌లో నాలుగు మూలలా పెట్టండి. పదిసార్లు రివర్స్‌లో పెట్టి చూడండి. డబ్బా పడితే కారు అక్కడే ఆపి, దిగి, ఏ మూల తగిలిందో చూశాకే మళ్లీ మొదలుపెట్టండి. వచ్చే పాఠంలో ఎడమవైపు స్లాట్.